షెడ్డులో వెలిగించి చూసిన స్టవ్

మా అన్నకు కొండల మీది కోటలెక్కడం ఒక్కటే పిచ్చి. దాజీ పేట్‌లో పవర్‌లూమ్ షెడ్డు నడుపుతూ, మగ్గాలు ఆగిన సెలవు రోజున బ్యాగు తగిలించుకుని బస్సెక్కేవాడు. నన్నూ లాక్కెళ్లేవాడు. కొండ మీద తన చేత్తో చాయ్ కాచుకుని తాగితేనే ఆయనకు ఎక్కినట్టు. పోయినేడాది డాక్టరు చెప్పేశాడు: ఊపిరితిత్తుల్లో పత్తిదుమ్ము పేరుకుపోయింది, ఇక మగ్గమూ వద్దు, కొండా వద్దు. మగ్గం మాటకు అన్న తలూపాడు. కొండ మాటకు మాత్రం ఒప్పుకోలేదు.

"ఒక్కపారి పోయొద్దాం తమ్మీ. పైన చాయ్ తాగి దిగుత. ఇగ మళ్ల అడగ," అన్నాడు.

సరే అన్నాను.

పాత కిరోసిన్ స్టవ్ ఆయన మోయలేడు, నన్ను మోయనివ్వడు. మహా మొండి. అందుకని హోట్గి రోడ్‌లో ఒక దుకాణానికి వెళ్లాం. దుకాణదారు రెండు గ్యాస్ స్టవ్‌లు ముందు పెట్టాడు. ఒకదానికి మంట చుట్టూ రేకుంది, కాస్త బరువు. రెండోది గ్యాస్ డబ్బా నెత్తిన బిగించేది, పిడికిట్లో ఇమిడిపోతుంది. అన్న రెండింటినీ నూలు కండెల్లాగా అరచేతిలో ఎత్తి ఎత్తి చూశాడు.

"ఇదే బరోబర్. హల్కా ఉంది," అని చిన్నదే తీసుకున్నాడు. నాకూ అదే నచ్చింది.

ఇంటికొచ్చి షెడ్డులోనే వెలిగించాం. మా షెడ్డులో ఫ్యాన్ ఉండదు. గాలి తగిలితే పోగులు తెగుతాయని కిటికీలు కూడా తీయం. అదెంత అలవాటంటే, ఆ రోజు మగ్గాలు ఆగి ఉన్నా తీయాలని ఇద్దరికీ తోచలేదు. మంట నిటారుగా నిలబడింది, నీళ్లు ఇట్టే మరిగాయి. అప్పుడు అన్న మొహం చూడాలి, పండగే!

కోట ఎక్కుతూ నాలుగడుగులకోసారి కూర్చున్నాడు. ఎలాగో పైకి చేరి, నన్ను ముట్టుకోనివ్వకుండా స్టవ్ తానే వెలిగించాడు. గాలికి మంట పక్కకు పడిపోయింది. మళ్లీ వెలిగించాడు, ఆరిపోయింది. నేను రాళ్లు పేర్చాను. గిన్నె అడుగు కాలితే ఒట్టు. ఆ దిక్కుమాలిన స్టవ్‌ను లోయలోకి విసిరేద్దామన్నంత కోపం వచ్చింది నాకు. అన్న స్వెటర్ విప్పి, మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులా దాన్ని అడ్డం పట్టుకున్నాడు. అంతలో దగ్గు అందుకుంది. స్వెటర్ జారిపోయింది. గ్యాసంతా గాలికే పోయింది. నాకు ఏడుపొచ్చింది.

"గాలి బంజేసుకొని బత్కినోళ్లం కదరా," అన్నాడు దగ్గు తగ్గాక. "పైన గాలుంటదని మతికే రాలే."

గోరువెచ్చని నీళ్లలో చాయ్‌పత్తి రంగు కూడా దిగలేదు. కాసేపు గిన్నెలోకి చూసి పారబోశాడు.

"మళ్లొచ్చినప్పుడు ఆ రేకున్నది తెస్కుందాం."

"ఎవరు మోస్తరన్నా దాన్ని?" నోరు జారాను.

"నేనే మోస్త," అన్నాడు, పైకి లేపమని నాకు చెయ్యందిస్తూ.