రద్దయిన విమానం, బావ మాత్రలు

పావగడ బజారులో నాకు పైపుల అంగడి ఉంది. ఆ ఏడు అమ్మకాలు బాగున్నాయని కంపెనీవాళ్లు డీలర్లను బ్యాంకాక్ తీసుకెళ్లారు. వెంట ఇంకొకరిని తెచ్చుకోవచ్చన్నారు. మా ఆవిడకు విమానమంటే భయం. "మా అన్నను పిల్చుకోని పోండి" అంది. వల్లూరులో పొలమంతా సోలార్ పలకల కిందికి పోయాక బావకు పొద్దు గడవడం కష్టంగా ఉండేది. అడగ్గానే సరేనన్నాడు.

తిరుగు ప్రయాణం రోజు పెట్టెలు కౌంటర్లో ఇచ్చేసి లోపల కూర్చున్నాం. బోర్డు మీద మా బెంగళూరు విమానం ఎదురుగా రద్దయిందని ఎర్ర అక్షరాలు వచ్చాయి. మైకులో ఏదో చెప్పారు, నాకు అర్థం కాలేదు. ఆకాశంలో దారి మూసేశారని టూర్ మేనేజరు అన్నాడు. అదేం కాదు, పైలట్లు రాలేదని తుమకూరు డీలరు అన్నాడు.

"ఆకాశాన్ని ఎట్ల మూస్తారప్పా?" అని బావ నన్నడిగాడు.

బస్సెక్కించి హోటల్‌కు పంపారు. చెప్పులు విడిచామో లేదో, మళ్లీ విమానాశ్రయానికి రమ్మని ఫోను. వెళ్తే, మిమ్మల్నెవరు రమ్మన్నారని అడిగారు. మళ్లీ అదే హోటలు. మా పెట్టెలు ఎక్కడున్నాయో చెప్పే దిక్కు లేదు.

పొద్దున లేచేసరికి బావ తల పట్టుకుని కూర్చున్నాడు.

"బీపీ మాత్రలు పెట్టెలో ఉండాయి. నిన్న వేసుకోలేదు."

"నిన్ననే చెప్పొద్దా బావా? మాత్ర పేరేంది?"

"పేరు ఎవరికి తెలుసప్పా? తెల్లగా, చిన్నగా ఉంటాయి."

బావను వెంటబెట్టుకుని బయల్దేరితే వీధి చివర మందుల షాపు కనబడింది. లోపలి అమ్మాయికి నా భాష రాదు, ఆమె భాష నాకు రాదు. బీపీ చూసే పట్టీలా జబ్బ చుట్టూ చెయ్యి బిగించి చూపించాను. ఆమె నొప్పుల పూతమందు తెచ్చింది. ఇంటికి ఫోను చేశాను.

"అన్నకు ఎట్ల ఉండాది? నిజం చెప్పండి" అంది మా ఆవిడ. వల్లూరు నుంచి బావ భార్య ఇంట్లో మిగిలిన మాత్రల షీటును ఫోటో తీసి పంపితే, అందులో పేరున్న చోటే చిరిగిపోయి ఉంది. మా ఆవిడ ఆ ఫోటోనే పట్టుకుని, బావ ఎప్పుడూ మాత్రలు కొనే పావగడ మెడికల్ షాపుకు పరుగెత్తి, కొత్త షీటు ఫోటో పంపింది. అది చూపిస్తే ఇక్కడి షాపు అమ్మాయి వెంటనే మాత్రలిచ్చింది. షాపు మెట్ల మీదే బావ ఒకటి మింగాడు. నేను ఆయన మణికట్టు పట్టుకుని కూర్చున్నాను. ఏం చూస్తున్నానో నాకే తెలియదు. కాసేపటికి, "చెయ్యి వదలప్పా, టీ తాగుదాం" అన్నాడు.

ఇంకో రెండు రోజులకు మాకు చెన్నైకి సీట్లు దొరికాయి. పెట్టెలు మాకంటే ముందే బెంగళూరు చేరాయట. ఎట్లా వెళ్లాయో ఎవరూ చెప్పలేదు.

ఇల్లు చేరి, అన్నం తిని పడుకున్నాను. సాయంత్రం ఉలిక్కిపడి లేచి, "బస్సు వచ్చిందా?" అని అడిగాను.

"ఏ బస్సు?" అంది మా ఆవిడ.

ఏ బస్సో నాకూ తెలియలేదు. చెప్పుల కోసం మంచం కింద వెతుకుతూనే ఉన్నాను.