రానివాళ్లను అడిగిన మేడం

మొన్న పొద్దున గుడివాడ బస్సులో ఉండగా ఫోను వచ్చింది, మేడం పోయారని. బందరు కాలేజీలో ఇరవై ఏళ్లు నా పక్క టేబుల్ ఆవిడది. ఇద్దరం ఎకనామిక్సే చెప్పేవాళ్లం. ఫోను పెట్టేశాక నాకు ముందుగా వచ్చిన ఆలోచన చెబితే మీరు నన్ను తిడతారు. నేను పోతే ఆవిడకు ఏడ్చినంతమంది ఏడుస్తారా అనుకున్నాను. ఆవిడంటే నాకు కుళ్లు. ఆవిడ బతికుండగా ఒప్పుకోలేదు, ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఆ కుళ్లు బీపీ బిళ్లల దగ్గర ముదిరింది. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే బీపీ, షుగర్ బిళ్లలు జనం వాడుతున్నారా, పద్ధతిలో ఏమైనా మార్చాలా అని తేల్చమని ఆరోగ్య శాఖ అధికారులు మా ఇద్దరినీ విడివిడిగా అడిగారు. నేను ఆసుపత్రి వరండాలో కుర్చీ వేసుకుని, బిళ్లల కోసం వచ్చినవాళ్లందరినీ అడిగాను. ఇబ్బందేమీ లేదన్నారు. రంగురంగుల గ్రాఫులతో లావుపాటి రిపోర్టు తయారుచేశాను.

మేడం మాత్రం ఆసుపత్రి రిజిస్టర్లో బిళ్లలకు రావడం మధ్యలో మానేసినవాళ్ల పేర్లు రాసుకుని గిలకలదిండి చేపల రేవుకు వెళ్లారు, దివిసీమ ఊళ్లు తిరిగారు. చేపలు ఏరేవాళ్ల పక్కన గొంతుక్కూర్చుని, తనూ ఏరుతూ కబుర్లలో పెట్టి అడిగేవారు. ఆవిడ నోటుబుక్కు స్టాఫ్‌రూమంతా నీచు వాసన కొట్టేది. ముక్కు మూసుకుని ఎగతాళి చేస్తే నవ్వేవారు.

“వచ్చినవాళ్లు రావడం తేలికేనంటారు మాస్టారూ. రానివాళ్లని కదండీ అడగాలి!”

బిళ్లలిచ్చే వేళా, చేపల వేలంపాట వేళా ఒకటే. బిళ్లలకు వెళ్తే ఆ రోజు కూలి పోతుంది. ఉచితమన్న మందు వాళ్లకు ఒక రోజు కూలి ఖరీదు చేస్తోంది. నా గ్రాఫులకు దొరకని సంగతి ఆవిడ నాలుగు పేజీల్లో రాశారు. వేలం అయ్యాక రేవు దగ్గరే బిళ్లలివ్వాలన్నారు.

దాని మీద అధికారులు నా అభిప్రాయం అడిగారు. శాంపిల్ చిన్నది, నమ్మడానికి వీల్లేదని రాశాను. ఆవిడ రాసింది నిజమని చదువుతుండగానే నాకు తెలుసు. ఫైలు ఏడాది మూలపడింది.

నా నోట్ చూసి మేడం, “చిన్నదేనండీ మాస్టారూ. ఇంకొన్ని ఇళ్లు తిరుగుతాను,” అంటూ తన ఫ్లాస్కులోంచి నాకూ టీ పోశారు. నాలుగు తిట్టినా బాగుండేది. ఒళ్లు మండిపోయింది. ఆవిడ ఏడాది తిరిగి మళ్లీ రిపోర్టిస్తే, రేవులోనే బిళ్లలివ్వమని ఉత్తర్వు వచ్చింది.

ఆవిడ ఎన్నిసార్లు రమ్మన్నా రేవుకు వెళ్లనివాణ్ని, నిన్న ఇంట్లో కాలు నిలవక వెళ్లాను. వేలం అయిపోయింది. నర్సు బిళ్లలిస్తోంది. వరసలో స్టూలు మీద కూర్చున్న పెద్దామెకు కుడిచెయ్యి వేలాడుతోంది. ఏమైందని అడిగాను.

“బీపీ పెరిగి పడిపోయిందండీ. అప్పటికింకా ఇక్కడ బిళ్లలివ్వట్లేదు. మేడం గారు రాసి పంపారంట గానీ, ఆఫీసులో ఏడాది ఆపేశారంట. తమరూ మేడం గారితో పనిచేసినోరేనా అండీ?”

“అవునమ్మా,” అన్నాను.

ఆమె కష్టపడి లేచింది. ఎడమచేత్తో కొంగు పట్టుకుని ఆ స్టూలు తుడిచి, నా వైపు జరిపింది.

“కూర్చోండి బాబూ.”