పాకం చూసే పెదనాయన

మా పెదనాయన పోయిన మంగళవారం తిరుపతి ఆస్పత్రిలో చనిపోయాడు. పంటి నొప్పితో పోయాడంటే పలకరించడానికి వచ్చినవాళ్లు నమ్మడం లేదు.

చిత్తూరు పక్క మా పల్లెలో చెరకు ఆడే రోజుల్లో పాకం చూసేది ఆయనే. పెనంలో చెరకు పాలు చిక్కబడుతుంటే పుల్లతో కాస్త తీసి, నీళ్లలో వేసి, ఉండ కట్టిందా అని నలిపి నోట్లో వేసుకునేవాడు. పొయ్యి సెగకు నోరెండినా పుక్కిలించేవాడు కాదు. నోరు కడిగితే నాలుక రుచి మరిచిపోతుందని ఆయన నమ్మకం. నన్ను కాన్వెంటులో వేయమని మా నాయనతో పోట్లాడింది కూడా ఆయనే. సెలవుల్లో పుస్తకంతో గానుగ దగ్గర కూర్చుంటే ఆకులో వేడి బెల్లం పెట్టిచ్చేవాడు. "సదువుకునే నోరు తియ్యగా ఉండల్ల" అనేవాడు. తిన్నాక నన్ను మాత్రం నోరు కడుక్కోమనేవాడు.

ఈ ఏడు పై దవడ పన్ను సలపడం మొదలైంది. లవంగం పెట్టాడు, పొగాకు నొక్కాడు. చెంప ఉబ్బాక నేనే పట్టుబట్టి చిత్తూరులో పళ్ల డాక్టరుకు చూపించాను. పొద్దుటినుంచి చీకటిదాకా కొంచెం కొంచెంగా తీపి తగలడం, ఎండిన నోరు, కడగకపోవడం, పన్ను పుచ్చడానికి ఇంకేం కావాలమ్మా అన్నారాయన. పొద్దున వేపపుల్లతో తోమితే చాలదన్నారు. చీము పాకకముందే, ఆ రోజే పన్ను తీయాలన్నారు.

పెదనాయన కుర్చీ దిగిపోయాడు. పై పన్ను పీకితే చూపు పోతుందని మా పక్క అందరూ అనుకుంటారు. డాక్టరు కాదన్నా వినలేదు.

"కండ్లు పోతే పాకం ఎవురు సూస్తారు పాపా? గానుగ అయిపోనీ, నువ్వు సెప్పినట్లే వింటా."

"అందాకా నువ్వు ఉండల్ల గదా పెదనాయనా."

ఎవరి ముందూ గొంతు పెంచనిదాన్ని, డాక్టరు గది బయట వరండాలో ఆయన చేయి పట్టుకుని ఏడ్చాను. నవ్వబోయి చెంప పట్టుకున్నాడు. ఊరి బస్సెక్కేశాడు.

వారం తిరక్కముందే చెంప ఇంకా ఉబ్బి ఆ పక్క కన్ను మూసుకుపోయింది. వాపు మెడలోకి దిగింది. తిరుపతికి తెచ్చేసరికి నోరు తెరుచుకోలేదు. సూదులు వేశారు, చీము తీశారు. జ్వరం తగ్గలేదు. గుటక పడని ఆయన పెదవులను దూదితో తడుపుతూ, ఇప్పుడు పీకండి సార్, ఎన్ని పళ్లైనా పీకండి అని కనిపించిన ప్రతి డాక్టరునూ బతిమాలాను. ఆలస్యమైందన్నారు.

పాడె ఎత్తే ముందు నోట్లో బియ్యం వేయడానికి ఒక్కొక్కరే వంగారు. దవడ బిగుసుకుపోయి ఉంది. పెద్దమ్మ వేళ్లతో పెదవులు విడదీయాలని చూసింది, చేతకాలేదు. వేసిన గింజలు వేసినట్టే వాచిన చెంప మీదుగా జారి మట్టిలో పడుతూ ఉన్నాయి.