రెండు తలల పాముకు వేయించిన ఇసుక

ఆ రోజుల్లో నాకు మనుషులతో మాట్లాడటం కన్నా వాళ్ళ గురించి డైరీలో రాసుకోవడం తేలిగ్గా ఉండేది. అలాంటి నాకు భద్రాచలం దగ్గర ఒక కాలేజీలో, జువాలజీ ల్యాబులో అటెండర్ పని దొరికింది. అక్కడి ప్రాణుల్లో చాలావరకు ఫార్మలిన్ జాడీల్లో ఉండేవి కాబట్టి ఎవరినీ పలకరించే పని లేదు (ఉద్యోగంలో నాకు మొదట నచ్చింది అదే). మా లెక్చరర్‌ను అందరూ చాటుగా 'జాడీ సార్' అనేవాళ్ళు. తేలు దొరికినా, గబ్బిలం దొరికినా ఆయన చూపు ముందు ఖాళీ జాడీ మీదికి పోయేది. చెడ్డవాడు కాదు. పాఠం చెప్పడమంటే ప్రాణం, అంతే.

వానాకాలం మొదట్లో దమ్మపేట వైపు రైతు ఒకాయన, పొలంలో దొరికిందని రెండు తలల పామును గోనెసంచిలో తెచ్చిచ్చాడు. విషం లేనిది. తోక కూడా తలలాగే మొద్దుగా ఉంటుంది గనుక ఆ పేరు. సార్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి పెదవి విరిచాడు. "రంగు లేదమ్మా, పాత గోనెపట్ట లెక్కున్నది. గాజుపెట్టెల ఉంచు. బతికినన్ని రోజులు పిల్లలు చూస్తరు, చచ్చినంక జాడీల పెడ్దాం." దీన్ని మాత్రం చావనివ్వకూడదని ఆ సాయంత్రం డైరీలో రాసుకున్నాను.

ల్యాబు బీరువాలో పాముల పెంపకం మీద ఏదో చలిదేశపు ఇంగ్లీషు పుస్తకం ఉంది. పెట్టె అడుగున చెక్కపొట్టు పరచి, పొద్దున సాయంత్రం నీళ్ళు చల్లమంది. సారపాక కాగితపు మిల్లులో వెదురు లారీలు దింపే మా నాన్న, లారీ అడుగున మిగిలిన వెదురు పొట్టు సంచెడు తెచ్చిచ్చాడు. నేను భక్తిగా రెండు పూటలా నీళ్ళు చల్లాను. బయట గోదావరి పొంగుతోంది, గోడలు చెమ్మగిల్లుతున్నాయి, ఆరేసిన లంగాఓణీ మూడు రోజులకు కూడా ఆరడం లేదు. అయినా పుస్తకంలో ఉంది కదా! వారానికి పొట్టు మీద తెల్లటి బూజు, పాము కడుపు కింద ఎర్రటి పొక్కులు. సార్ వచ్చి చూశాడు. ఒక జాడీ శుభ్రంగా తుడిచి కిటికీలో పెట్టి వెళ్ళాడు.

పొట్టు పారేసి ఇసుక తెచ్చాను. అదీ తడే. ఇంట్లో పేలాలు వేయించే మంగలంలో పోసి పొయ్యి మీద పెట్టాను.

"ఏందే అది?" అంది అమ్మ.

"ఇసుక."

"కనబడ్తనే ఉన్నది. ఎవరికి?"

"పాముకు."

"అయితే పోపు గూడ పెట్టు. ఉత్తది ఎట్ల తింటది పాపం!"

గదిలోంచి నాన్న, "ఉప్పు సరిజూడు బిడ్డా" అన్నాడు.

నిజానికి ఉప్పే చూస్తున్నాను. గాలిలో తేమ కొలిచే పరికరం మా ల్యాబులో లేదు. అందుకని పెట్టె మూలన సీసా మూతలో చిటికెడు ఉప్పు ఉంచి రోజూ వేలితో తాకేదాన్ని. 'ఉప్పు ముద్దయింది', 'ఉప్పు పలుకులుగా ఉంది' అని డైరీ నిండిపోయింది (ఆ నెల అమ్మకు జ్వరం వచ్చిన సంగతి మాత్రం అందులో లేదు).

పొక్కులు మానాయి. ఆ సంబరం పది రోజులే. పాము కళ్ళు పాలు పోసినట్టు తెల్లబడ్డాయి. కుబుసం విడవలేక మూతిని గాజుకు రుద్దుకుంటోంది. ఈసారి మరీ ఎండబెట్టాను. పుస్తకం మూసేసి, ఒక మూల తడి గోనెపట్ట వేసి, మిగతాదంతా పొడిగా వదిలాను, ఏది కావాలో అదే వెతుక్కుంటుందని. మూడో నాటి పొద్దున గోనెపట్ట కింద కుబుసం ఎక్కడా తెగకుండా ఒక్కటిగా దొరికింది. పాము తోమిన రాగిచెంబులా మెరుస్తోంది.

సార్ ముఖం వెలిగిపోయింది. "అబ్బ, ఏం రంగు వచ్చిందమ్మా! గిట్లాంటి దాని కోసమే ఎదురుచూస్తున్న. ముసలిదై చచ్చినంక పెడ్తె గీ మెరుపు ఉంటదా? మంచిగ సాకినవ్ తల్లీ. సోమవారం జాడీల పెడ్దాం."

నేను తల ఊపాను. తల ఊపడం నాకు బాగా వచ్చు.

ఆదివారమంతా కూర్చుని సార్‌తో అనవలసిన మాటలు డైరీలో రెండు పేజీలు రాశాను. బతికున్న పామును చూస్తేనే పిల్లలు ఎక్కువ నేర్చుకుంటారని, అలా వద్దంటే దొరికిన పొలంలోనే వదిలేద్దామని, బస్సెక్కి నేనే తీసుకుపోతానని. మొత్తం బట్టీపట్టాను. సోమవారం ల్యాబు గుమ్మంలో నిలబడ్డాను.

"ఏందమ్మా?"

"ఏం లేదు సార్."

"అయితే ఆ జాడీ అందుకో."

అందించాను.

కొత్తగా వచ్చిన పిల్లలకు దాన్ని చూపించినప్పుడల్లా "మా అమ్మాయి సాకింది" అని సార్ గొప్పగా చెప్పేవాడు. నేను ఏదో పనున్నట్టు వరండాలోకి వెళ్ళేదాన్ని. ఫార్మలిన్‌లో ఆ రంగు ఏడాది కూడా నిలవలేదు.

ఈమధ్య ఆ రెండు పేజీలు మళ్ళీ చదివాను. ఒక్క కొట్టివేత లేదు, ఒక్క మాట ఎక్కువ లేదు. అంత చక్కగా రాసిన పిల్ల నోరు విప్పకపోతే పోయె, ఆ కాగితాలు డైరీలోంచి చింపి సార్ చేతిలో పెట్టినా సరిపోయేది కదా! ఆయన చదివేవాడు. ఒప్పుకునేవాడేమో కూడా. ఇంత చిన్న ఉపాయం నాకు తల నెరిశాక తట్టింది. ఒక్కదాన్నే కూర్చుని కాసేపు నవ్వుకున్నాను.