డూఫియే ఫోనుకు సాక్షి

యా డూఫియే మా ఊరి బోర్డింగ్ బడిలో పంతొమ్మిదేళ్లుగా వంట చేస్తోంది. రెండు వందల మంది పిల్లలకు పొద్దున జావ, మధ్యాహ్నం పులిసిన మొక్కజొన్న పిండితో చేసే బాంకు ముద్ద. పొయ్యి దగ్గర ఎవరైనా అధికప్రసంగం చేస్తే హెడ్‌మాస్టరని కూడా చూడదు, గరిటె చూపించి బయటికి పొమ్మంటుంది. ఇద్దరు మొగుళ్లను కూడా అలాగే పొమ్మంది. బడి గేటు ఎదురుగా ఫోన్లు బాగుచేసే కొట్టు నాది. ఆమె నోటికి భయపడని మగవాడు ఈ వీధిలో ఉన్నాడని ఎవరైనా అంటే నేను నమ్మను.

అలాంటి మనిషి నోరు ఒక్కసారే పడిపోయింది. బడి సరుకులు చూసే మేనేజరు ఒబెంగ్ అని ఒకడున్నాడు. కాగితం మీద ఒక్క ముక్క రాయడు, ఏ హుకుమైనా ఫోనులోనే. పోయిన వానాకాలంలో బూజు పట్టిన మొక్కజొన్న పంపి, కడిగి పులియబెట్టి వండెయ్యమన్నాడు. డూఫియే వండింది. ముప్పై ఒక్క మంది పిల్లలు వాంతులతో ఆసుపత్రిలో పడ్డారు. తల్లిదండ్రుల మీటింగులో ఆ మహానుభావుడు చేతులు కట్టుకుని, "పారెయ్యమనే చెప్పానండీ, ఆవిడే వినలేదు" అన్నాడు. డూఫియే కొయ్యబారిపోయింది. ఆ తర్వాత నెలల తరబడి తల్లులు ఆమెకు నమస్కారం కూడా పెట్టలేదు. ఆ రోజు తల్చుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఈసారి సెలవులు ముగిసే ముందు ఇంకో లారీ వచ్చింది. బస్తా విప్పితే అదే ముక్కిన వాసన, గింజల మీద అదే పచ్చటి దుమ్ము. సాయంత్రానికి ఒబెంగ్ ఫోను వచ్చింది. సోమవారం బడి తెరవగానే అదే వండాలట. కాదంటే ఆమె చోటికి ఇంకొకావిడ వస్తుందట, ఆవిడ వండుతుందట.

డూఫియే తిన్నగా నా కొట్టుకొచ్చి ఫోను బల్ల మీద పడేసింది.

"తమ్ముడూ, వాడి మాట నాకు కావాలి. పట్టి ఇవ్వు."

కాల్ రికార్డు చేసే యాప్ ఒకటి ఎక్కించాను. ఆమె ఒబెంగ్‌కు ఫోను చేసి పావుగంట తగువాడింది. వాడు తిట్టిన తిట్లు నాక్కూడా వినపడ్డాయి. తీరా తిప్పి వింటే ఆమె గొంతు తప్ప ఇంకేమీ లేదు.

"ఇదేంటి, గోడతో పోట్లాడినట్టుంది?" అంది.

"కొత్త ఫోన్లలో అంతే అక్కా. అవతలి గొంతు బయటి యాప్‌లకు అందకుండా తయారుచేసినోళ్లే మూసేశారు."

"ఫోను నాది, చెవి నాది, తిట్లు తిన్నది నేను. మధ్యలో మూయడానికి వాళ్లెవరు?"

ఫోనులోనే సొంతంగా ఒక రికార్డింగు బటను ఉంది, అది నొక్కమన్నాను. మళ్లీ చేసింది. నొక్కగానే లోపలి నుంచి ఒక ఆడగొంతు, కాల్ రికార్డవుతోందని ఇద్దరికీ వినపడేలా చక్కగా చెప్పింది. అంతే, ఒబెంగ్ గొంతులో బెల్లం కారింది. డూఫియే మోకాలి నొప్పి ఎలా ఉందని అడిగి, దేవుడు చల్లగా చూస్తాడని దీవించి పెట్టేశాడు.

"పోనీ స్పీకర్లో పెట్టి, పక్కన నా ఫోనుతో గుట్టుగా పట్టుకుందాం" అన్నాను.

పక్క కొట్టులో టైపు కొట్టే అబ్రాఫీ కోర్టు కాగితాలన్నీ తనే కొడుతుంది. తలెత్తకుండానే అంది: "నీ సంభాషణ నువ్వు పట్టుకుంటే తప్పులేదని ఒక వకీలంటాడు. చెప్పకుండా పట్టావు గనక ఎదుటివాడి గుట్టు దోచావని ఇంకొకడంటాడు. ఏది చెల్లుతుందో జడ్జిగారి ఇష్టం."

"ఎన్నాళ్లకు తేలుతుంది?"

"రెండేళ్లు అనుకో పెద్దమ్మా."

"పిల్లలు సోమవారం తింటారే." డూఫియే ఫోను తీసి కొంగున కట్టుకుంది. "అయినా గుట్టుగా నేనెందుకు పట్టాలి? దొంగని నేనా?"

అక్కణ్నించి ఆమె వెళ్లింది అంకోమా తాత ఇంటికి. ఆయన మా ఊరి రాజుగారి ఒచ్యామే. రాజుగారితో ఎవరూ నేరుగా మాట్లాడరు, రాజుగారూ ఎవరితో నేరుగా మాట్లాడరు. ఇటు మాట అటు, అటు మాట ఇటు పైకి చెప్పేది ఆయనే. ఆయన నోటి మీదుగా వెళ్లిన మాటను అనలేదని బుకాయించినవాడు మా దగ్గర ఇంతవరకు లేడు. మొత్తం విని తాత, "ఇది కొలువు పని కాదు, రాజుగారి పేర పట్టే కర్ర తేకూడదు. నోరు నాదే కనక వస్తాను" అన్నాడట.

సోమవారం పొద్దున బడి ఆవరణంతా పెట్టెలూ పరుపులూ పిల్లలూ తల్లులూ. మధ్యలో బల్ల వేసి, డూఫియే ఫోనుకు నా కొట్టులోని పెద్ద స్పీకరు తగిలించాను. ఆమె ఒబెంగ్ నంబరు నొక్కింది.

"ఒబెంగ్ గారూ, వంటింటి డూఫియేని. రికార్డింగు లేదు, దొంగచాటు లేదు. నా పక్కన ఒచ్యామే ఉన్నారు, చుట్టూ పిల్లల తల్లులున్నారు. మీ మాట ఆయన చెబుతారు."

"ఏం వేషాలే ఇవి? ఆ ముసలాణ్ణి ముందు పొమ్మను."

తాత గొంతు సవరించుకున్నాడు. "మేనేజరు గారు సెలవిస్తున్నారు: ఏం వేషాలే ఇవి, ఆ ముసలాణ్ణి ముందు పొమ్మను."

ఆడవాళ్లు పగలబడి నవ్వారు. రాజుగారి కొలువులో ఆయన ఎంత మొరటు మాటనైనా మెత్తగా చేసి చెబుతాడు. ఆ రోజు ఒక్క అక్షరం మార్చలేదు. ఒబెంగ్ ఫోను పెట్టేశాడు. డూఫియే మళ్లీ కలిపింది. మళ్లీ పెట్టేశాడు. మూడోసారి తాతే వంగి అడిగాడు.

"అయ్యా, మొక్కజొన్నకు బూజు పట్టింది. గింజలు నా అరచేతిలో ఉన్నాయి. పిల్లలకు వండాలా, వద్దా? ఆ ఒక్క మాట చెప్పండి, చాలు."

స్పీకర్లో ఒబెంగ్ ఊపిరి వినపడుతోంది. వెనక ఎవరో గిన్నెలు కడుగుతున్నారు.

"వండొద్దు" అన్నాడు చివరికి, గొణిగినట్టు.

"వండొద్దని మేనేజరు గారి ఆజ్ఞ" అని తాత గేటు దాకా వినపడేలా అరిచాడు. బస్తాలు వెనక్కి పంపడానికి లారీ పిలిపించారు, ఎక్కించడానికి నేనూ ఒక చెయ్యి వేశాను. కేకలు, చప్పట్లు. నాకైతే గెలిచేశామనిపించింది.

అప్పుడు పోకువా ముందుకొచ్చింది. వానాకాలంలో ఆమె కూతురు తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉంది. "మరి అప్పుడేమన్నాడు?" అని డూఫియేని నిలదీసింది.

"వండమన్నాడు. నేనొక్కదాన్నే విన్నాను."

"అయితే?"

"వాసన నాకు తెలిసింది. అయినా వండాను. వాడు చెప్పాడు, నేను వండాను." డూఫియే తాత వైపు తిరిగింది. "ఇది కూడా అందరికీ చెప్పు తాతా."

తాత ఆమె మొహంలోకి ఒక క్షణం చూసి, మాట పొల్లుపోకుండా చెప్పాడు. చప్పట్లు ఆగిపోయాయి. ఎందుకు చెప్పిందీ పిచ్చిది, ఎవరడిగారని మనసులో తిట్టుకున్నాను. ఆమె తల మాత్రం వంచలేదు.

"నన్ను తీసెయ్యాలంటే మీరు తీసెయ్యండి. ఇక్కడ, నా మొహం మీద చెప్పండి, పోతాను. ఫోనులో కూర్చున్నవాడు తీస్తానంటే మాత్రం కదలను."

పోకువా కూతురి పెట్టె నేల మీద పెట్టి చేతులు దులుపుకుంది.

"సరేలే. మరి మధ్యాహ్నం పిల్లలకు ఏం పెడతావు, అది చెప్పు" అంది.