తాతయ్య వేసిన ఎనిమిది

ఆ రోజుల్లో నాకు తెలిసిన లోకంలో రెండే రెండు రకాల వస్తువులుండేవి: మా తాతయ్య సరిచేసినవి, ఇంకా సరిచేయాల్సినవి. కాలువల ఇంజినీరుగా చేసి రిటైరైన మనిషి ఇంట్లో ఉంటే ఎలా ఉంటుందో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. అంట్లు తోమిన నీళ్ళు జామచెట్టు దాకా ఏ దారిన వెళ్ళాలో ఆయనే నిర్ణయించేవారు. చారు పలచనైతే "డిశ్చార్జి ఎక్కువైపోనాది" అనేవారు. (కాలువలో పారే నీటి లెక్కకు వాళ్ళ ఆఫీసు మాట అది. నాయనమ్మ దాని అర్థం ఏనాడూ అడగలేదు. గరిటె పక్కన పెట్టేసేది, అంతే.) అన్నిటికన్నా ఎక్కువ పట్టుదల అంకెల మీద. "సర్వీసంతా ఇంగ్లీషు అంకెలే ఏసేను. ఇంక ఇంట్లో మనవే" అని హాల్లో గడియారం అద్దం విప్పి, తెలుగు అంకెలు రాసిన కాగితం అతికించారు. మా ఇంటికొచ్చిన చుట్టాలు టైము తెలుసుకోవాలంటే వీధిలోకి వెళ్ళి అడిగేవారు.

నా బీఈడీ అయ్యాక నాతవరం వైపు ఒక ప్రైవేటు బడిలో లెక్కల టీచరు ఉద్యోగం వచ్చింది. షేర్ ఆటో నిండితే గానీ కదలదు, బడి గంట ఆటో కోసం ఆగదు. నాన్న ఒక్క ముక్కలో తేల్చేశారు. "లైసెన్సు తెచ్చుకుంటే స్కూటీ మీద ఎల్లు. లేదంటే ఉద్యోగం మాటే ఒద్దు. డ్రైవరు పక్కన యేలాడతా ఎల్తానంటే ఒప్పుకోను." బడి తెరిచేలోపు టెస్టుకు ఒకే ఒక్క తేదీ దొరికింది. అది పోతే నా లెక్కల పాఠాలన్నీ వంటింట్లో నాయనమ్మకు చెప్పుకోవాల్సిందే. లైసెన్సుల ఏజెంటు వచ్చి "ఏటీ లేదమ్మా, కాలు కింద ఎట్టకుండా ఎనిమిది ఎయ్యాలి" అన్నాడు. పేపరు చదువుకుంటున్న తాతయ్య తలెత్తి "ఎనిమిదేనా? నాకొగ్గీ" అని ఆ పని తన చేతిలోకి తీసుకున్నారు.

మర్నాడు పొద్దున్నే ఊరి చివర మా ఖాళీ స్థలంలో మేకులు పాతి, తాడు లాగి, సున్నం పోసి ఎనిమిది వేశారు. తెలుగు ఎనిమిది. ఇదిగో, ఇలా: ౮. ఆ గడియారం కింద పెరిగినదాన్ని, నాకేమీ తేడా అనిపించలేదు. ప్రభుత్వం వారి పరీక్ష కదా, తెలుగులోనే ఉంటుందనుకున్నాను. (లెక్కల టీచరు కాబోయేదాన్నని మరొక్కసారి మనవి.)

ఈ ఎనిమిదితో చిక్కేమిటంటే, దాని కొసలు కలవవు. ఒక కొసన బయల్దేరి రెండో కొసకు చేరాక, ఉన్నచోటే బండి తిప్పుకుని అదే గీత మీద వెనక్కి రావాలి. ఆ తిప్పడంలో నా కాలు నేలకు తగిలిందా, చేతికర్ర ఊపుతూ తాతయ్య "గండి" అని కేక పెట్టేవారు. కాలువ గట్టు తెగితే గండి పడిందంటారు. సర్వీసు మొత్తం మీద ఆయన భయపడిన మాట అదొక్కటే. "గట్టు తెగిపోనాదే. కింద ఊళ్ళు ములిగిపోనాయి. మళ్ళీ మొదలెట్టు" అనేవారు. అలా నేను చుట్టుపక్కల ఊళ్ళన్నీ ముంచాను, కొన్నిటిని రెండేసి సార్లు. సున్నం గీతలూ మేకులూ చూసి దారిన పోయే ఒకావిడ ఆగింది.

"ప్లాట్లేటి బాబూ? గజం ఎంత?"

"ఇది మా పిల్ల ఉద్యోగం తల్లీ. అమ్మకానికి లేదు" అన్నారు తాతయ్య.

ఆ మాటకు కళ్ళలో నీళ్ళు తిరిగి దారి కనబడక ఇంకో ఊరు ముంచేశాను.

టెస్టు రోజు గ్రౌండులో చూద్దునుగదా, నేల మీద రెండు సున్నాలు ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. తాతయ్య ఆ గీత చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, నేరుగా బ్రేకు ఇన్‌స్పెక్టరు గారి దగ్గరకు వెళ్ళారు.

"ఇదేటండీ?"

"ఎనిమిదండీ."

"ఇది ఇంగ్లీషు ఎనిమిదండీ. మా పిల్ల తెలుగు మీడియం."

ఇన్‌స్పెక్టరు గారు ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూసి, "ఏ మీడియమైనా పర్లేదండీ, కాలు కింద పెట్టకుండా వెయ్యమనండి" అన్నారు.

నాకంటే ముందు వెళ్ళిన కుర్రాళ్ళు ఒక్కొక్కరే కాలు ఆనించి దిగిపోతున్నారు. నా పేరు పిలిచారు. బయల్దేరాను. మొదటి మలుపు తిరిగాక గానీ నాకు అర్థం కాలేదు: ఇంత వెడల్పు దారా? కొసన ఉన్నచోటే తిరగడమన్నదే లేదా? ఆడుతూ పాడుతూ పూర్తి చేశాను. అక్కడితో ఆగితే బాగుండేది. అలవాటు కొద్దీ, బండిని ఉన్నచోటే వెనక్కి తిప్పి మొత్తం మళ్ళీ తిరగేసి వేశాను. "చాలమ్మా, చాలు, ఇంక దిగు" అని ఇన్‌స్పెక్టరు గారు లేచి నిలబడ్డారు.

"ఒక్క గండి నేదు, సూసేరా" అని తాతయ్య అక్కడున్న అందరికీ విడివిడిగా చెప్పారు. ఇన్‌స్పెక్టరు గారికి కుతూహలం పుట్టి, తెలుగు ఎనిమిది ఎలా ఉంటుందండీ అని అడిగారు. తాతయ్య చేతికర్రతో మట్టిలో గీసి చూపించారు. ఆయన దాన్ని చాలాసేపు చూసి, "ఇది నావల్ల కూడా కాదండీ" అన్నారు.

ఆ పూట తాతయ్య నా వెనక కూర్చుని, దగ్గరి దారి వద్దని మెయిన్ రోడ్డు మీదుగా తిప్పించారు. కనబడిన ప్రతి పరిచయస్తుడి దగ్గరా బండి ఆపించారు. జీవితంలో అంత గర్వంగా నేనెప్పుడూ బ్రేకు వేయలేదు. నాన్న వీధి గుమ్మంలో నిలబడి స్కూటీ రెండో తాళం చెవికి కొత్త రింగు తగిలిస్తున్నారు.

ఆ స్కూటీ మీదే ఆ ఉద్యోగం చేశాను, ఆ తర్వాత మంచి ఉద్యోగాలూ వచ్చాయి. తాతయ్య బాగా పెద్దవారయ్యాక, "కాలవ ఓపాలి సూపించవే" అని అడిగితే గట్టు మీదకు తీసుకెళ్ళాను. మేకలు అడ్డొచ్చి, చటుక్కున కాలు కింద పెట్టేశాను. వెనకనుంచి కేక కోసం భుజాలు బిగబట్టుకుని కూర్చున్నాను. కేక రాలేదు. నా భుజం మీద చెయ్యి పడింది. "పర్లేదే. గండి పడితే పూడ్సుకోడమే. నానెన్ని పూడ్సలేదూ" అన్నారు. సర్వీసంతా ఇంట్లో ఎవరికీ చెప్పని మాట.

ఆయన పోయారు. నేనిప్పుడు విశాఖలో సిగ్నల్ పడినప్పుడల్లా, ఈ వయసులో కూడా, కాలు కింద పెడుతూ మెల్లగా "గండి" అనుకుంటాను. పక్క బండివాళ్ళు తిరిగి చూస్తారు. చూడనీ, పచ్చ లైటు పడగానే పూడ్చుకుని వెళ్ళిపోతాను.