తాతయ్య లేచి నిలబడిన ఆట

రాస్తున్నావా? మీ తాతయ్య సంగతి రాయి. అమెరికాలో, ఇర్వింగ్‌లో మీ స్కూలు ఫుట్‌బాల్ ఆటకి మీ అమ్మానాన్నా ఆయన్నీ ఈ అమ్మమ్మనీ తీసుకెళ్ళిన శుక్రవారం సంగతి. నువ్వప్పుడు బ్యాండులో ఫ్లూటు వాయించేదానివి. ఈకల టోపీలో సగం మొహం మునిగిపోయి మైదానం పక్కన నిలబడ్డావు. పైన బెంచీల మీద ఏం జరిగిందో నీకేం తెలుస్తుంది?

ముందొక మాట చెప్పాలి. తాతయ్య కాకినాడలో ప్రాక్టీసు పెట్టకముందు మిలిటరీ డాక్టరు. బంగ్లాదేశ్ యుద్ధంలో అగర్తల పక్క గుడారాల ఆసుపత్రిలో పనిచేశారు. అక్కడ ఆయన చేతుల్లో ఒక కుర్రాడు పోయాడు. వాడి గురించి ఎవరికైనా చెప్పుకోవాలని ఆయనకి జన్మంతా ఉండేది. ఊళ్ళోవాళ్ళు చెప్పనిస్తేగా. "నేను మిలిటరీలో ఉండగా" అని మొదలుపెట్టగానే ఎదుటివాడి మొహం వెలిగిపోయేది. "అన్నట్టు డాక్టరుగారూ, క్యాంటీన్‌లో రమ్ము మీకు చవగ్గా ఇస్తారటగా?" అనేవాడు. ఆయన జన్మలో ముట్టని మందు మూలంగా ఊరంతా ఆయన్ని గౌరవించింది. కుర్రాడి కథ మాత్రం గొంతులోనే ఉండిపోయింది.

సరే, ఆట. ఆ వారం సైనికుల్ని తలుచుకునే వారమట. ఒకాయన మైకులో గొంతు బరువు చేసుకుని, ప్రాణాలిచ్చిన వీరుల కోసం ఒక నిమిషం మౌనం పాటిద్దామన్నాడు. అందరూ టోపీలు తీశారు. మా ముందు వరసలో ఒకాయన నోట్లో ఉన్న చిప్సు నమలాలో వద్దో తెలియక బుగ్గన పెట్టుకుని నిలబడ్డాడు. ఆ నిమిషం సగం కూడా కాకుండానే, ఈ కార్యక్రమాన్ని సమర్పిస్తున్నవారు ఫలానా పరుపుల దుకాణం అని అదే గొంతు అదే బరువుతో చెప్పింది. వారాంతంలో తగ్గింపు కూడా ఉందట. మన తద్దినాల్లో పంతులుగారు వాచీ చూసుకుంటూ మంత్రాలు మింగేస్తారని నేను సణుగుతుంటానా? పాపం, ఆయన పిండానికీ పిండానికీ మధ్య పరుపులైతే అమ్మలేదు.

తర్వాత, సైన్యంలో పనిచేసినవారంతా దయచేసి లేచి నిలబడమన్నారు. ఏ సైన్యమో అనలేదు. తప్పు వాళ్ళదే.

సోఫాలోంచి లేవాలంటే మీ తాతయ్యకి నా భుజమూ, టీపాయ్ అంచూ, దేవుడి పేరూ మూడూ కావాలి. అలాంటి మనిషి దేన్నీ పట్టుకోకుండా లేచి నిటారుగా నిలబడ్డారు.

మీ నాన్న సంగతి తెలుసుగా. మామగారితో నేరుగా మాట్లాడకపోవడమే మర్యాద అనుకునే వంశం. తాతయ్య పక్కనే కూర్చుని ఉన్నా, "మీ నాన్నగారు కాఫీ తాగుతారా?" అని మీ అమ్మనే అడిగేవాడు. ఆ రోజూ మీ అమ్మ చెవిలోనే గొణిగాడు.

"మీ నాన్నగారిని కూర్చోమను. ఇది ఇక్కడి ఆర్మీ వాళ్ళకి."

"నువ్వే చెప్పు. పక్కనే ఉన్నారుగా."

"నేనెలా చెప్తాను? నా గ్రీన్ కార్డ్ ప్రాసెస్‌లో ఉంది. విజిటర్ వీసా మీద వచ్చిన మనిషి నేను సోల్జర్‌ని అని నిలబడితే ఎంత ప్రాబ్లమో తెలుసా?"

మీ అమ్మ ఆయన చొక్కా లాగింది. "కూర్చోండి నాన్నా."

"సైన్యంలో పనిచేశానా లేదా?" అన్నారాయన ముందుకే చూస్తూ.

"మన సైన్యంలో నాన్నా."

"తూటా ఎవరిదైనా ఒంట్లోంచి ఒకలాగే తీస్తాం. నువ్వు కూర్చో."

ఈలోగా వెనక వరసలో ఆవిడ వంగి, థాంక్యూ ఫర్ యువర్ సర్వీస్ అంటూ ఆయన చెయ్యి పట్టుకుని ఊపింది. తర్వాత ఆవిడ మొగుడు ఊపాడు. ఇంకెవరో చీజు పోసిన చిప్సు పళ్ళెం తెచ్చి చేతిలో పెట్టారు. అప్పుడే మెడలో కార్డు వేసుకున్న పిల్ల ఒకతి వచ్చి, సైనికులంతా మైదానంలోకి రావాలని ఆయన్ని చెయ్యి పట్టి తీసుకుపోయింది. చిప్సు పళ్ళెం నా ఒళ్ళోకి వచ్చింది. మీ నాన్న స్వెటర్ టోపీ ముక్కు దాకా లాక్కున్నాడు.

అక్కడ ముసలివాళ్ళందరినీ వరసగా నిలబెట్టారు. మైకాయన ఒక్కొక్కరి దగ్గరా ఆగి, ఏ విభాగమని అడుగుతున్నాడు. మీ తాతయ్య వంతు వచ్చింది.

"ఇండియన్ ఆర్మీ. మెడికల్ కోర్," అన్నారు, స్టేడియమంతా వినబడేలా.

మీ నాన్న కళ్ళు మూసుకున్నాడు. మైకాయన చేతిలో అట్టముక్క చూసుకుని, అందరికీ చదివిందే ఈయనకీ చదివాడు. మా స్వేచ్ఛని కాపాడినందుకు ధన్యవాదాలన్నాడు. జనం ఈలలేశారు. టెక్సాస్ స్వేచ్ఛని కాకినాడ డాక్టరు అగర్తలలో కాపాడాడని నాకూ అప్పుడే తెలిసింది.

అడిగారు కదా, ఇంక వింటారనుకున్నట్టున్నారు తాతయ్య. "అక్కడ ఒక కుర్రాడు..." అని ఇంగ్లీషులో మొదలుపెట్టారు. మైకు అప్పటికే పక్కాయన దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ వెనకే మీ బ్యాండు మొదలైంది. తెరిచిన నోరు ఆయన మెల్లగా మూసుకోవడం పైనుంచి నాకు కనిపించింది.

తిరిగొచ్చేటప్పుడు చంకలో దిండు ఉంది. పరుపుల దుకాణం వాళ్ళు సైనికులకి తలా ఒకటి పంచారట.

"కుర్రాడి సంగతి చెప్పారా?" అన్నాను.

"దిండిచ్చారు," అన్నారు.

నువ్వు బ్యాండు బస్సులో వెళ్ళిపోయావు. మీ నాన్న కారు నడుపుతుంటే మేము బయల్దేరాం. ఆయన ముందు సీట్లో దిండు ఒళ్ళో పెట్టుకుని హైవే కేసి చూస్తూ కూర్చున్నారు. కొంత దూరం పోయాక మీ నాన్న గొంతు సవరించుకున్నాడు. అలవాటు కొద్దీ మీ అమ్మ, "ఏం అడగమంటావు?" అంది వెనకనుంచి. అతను తాతయ్య వైపు తిరిగాడు.

"ఆ కుర్రాడిది ఏ ఊరు, మావయ్యగారూ?"

తాతయ్య దిండు మీద ప్లాస్టిక్ కవరు సర్దారు.

"పార్వతీపురం దగ్గర," అన్నారు. "నేను తెలుగువాడినని ఎవరో చెప్పార్ట. పొట్టలో తూటా పెట్టుకుని నాతో టీ గురించి గొడవ. 'ఇదేం టీ డాక్టరుగారూ, పంచదార వెయ్యరేంటండీ, మా అమ్మ చూస్తే ఊరుకుంటదా' అంటాడు."

"ఎగ్జిట్, ఎగ్జిట్," అంది మీ అమ్మ, ఇంటికి తిరిగే దారి దాటిపోతుంటే.

"తర్వాతది తీసుకుందాంలే," అన్నాడు మీ నాన్న. "పంచదార వేశారా మరి, మావయ్యగారూ?"

ఆ తర్వాతదీ దాటిపోయింది.